మూడో పిలుపు

శుక్రవారం. సద్దుల బతుకమ్మకు ఇంకా రెండు రోజులు. పగలు మూడు గంటల పది నిమిషాలు.

ఇంత కచ్చితంగా చెబుతున్నానంటే ఆ లెక్క నాది కాదు. మా ఊరి హెడ్మాస్టరు సారు మైకు ముందు నిలబడి, చేతి గడియారం చూసి, "ఈ రోజు శుక్రవారం, ఇప్పుడు సమయం మూడు గంటల పది నిమిషాలు, సభ మొదలవుతున్నది" అన్నాడు. ఆ మాట క్యాసెట్‌లో పడింది. సారు పోయి చాలా ఏళ్ళయింది, మాట ఉన్నది. నాకప్పుడు గడియారం చూడటం రాదు, అక్షరాలు రావు. బీడీలు చుట్టడం మాత్రం వచ్చు.

పోయిన వారం పెద్దపల్లిలో ఉండే నా దోస్తు నా ఫోన్‌కు ఒక రికార్డింగ్ పంపింది. ఆమె అల్లుడికి మొబైల్ షాపు ఉంది. పాత క్యాసెట్‌ను ఎట్లనో ఫోన్‌లోకి ఎక్కించాడట. దాని కింద ఆమె ఒక ముక్క రాసింది: "చెవులకు పెట్టుకొని ఇను. ఇంట్ల ఎవలు లేనప్పుడు ఇను." ఆ ముక్క నేనే చదువుకున్నాను. మనవరాలిని అడగలేదు. విన్న తర్వాత రెండు రోజులు అన్నం సరిగా పోలేదు. మూడో రోజు నోటు పుస్తకం కొనుక్కొచ్చి ఇది రాయడం మొదలుపెట్టాను.

పేర్లు ఇప్పుడే రాయను. వాటిని చివరికి ఉంచుకుంటాను. ఎందుకో అక్కడికి వచ్చాక మీకే తెలుస్తుంది.

మేము ముగ్గురం. నేను, దర్జీ బిడ్డ, మస్కటాయన బిడ్డ. మస్కటాయన అంటే మా వాడకట్టులో మొదట మస్కట్ పోయిన మనిషి. అక్కడ కట్టడాల మీద పని చేసేవాడు. ఇప్పుడు నాకు రికార్డింగ్ పంపింది ఆయన బిడ్డే. వాళ్ళిద్దరూ బడికి పోయేవాళ్ళు. నేను మా అవ్వ పక్కన, అంటే మా అమ్మ పక్కన, బీడీల చాట ముందు కూర్చునేదాన్ని. నానబెట్టిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, ఆ రెండూ ఇప్పటికీ నా గోళ్ళ సందుల్లో ఉన్నాయనిపిస్తుంది. నా వంతు కట్టలు పూర్తయితే ఆటకు వదిలేది మా అవ్వ. కాకపోతే లేదు.

బడికి పోనందుకు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చేది. వాళ్ళిద్దరూ మట్టిలో పుల్లతో ఏదో రాసి ఒకరి ముఖం ఒకరు చూసి నవ్వుకునేవాళ్ళు. ఒకరోజు నేనూ పుల్ల తీసుకొని నాలుగు వంకరలు గీసి, "నాకు సుత అచ్చినయి" అన్నాను.

దర్జీ బిడ్డ వంగి చూసింది. "ఏం రాసినవే?"

"సదువుకో. నీకు రాదా?"

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకొని ఆటకు లేచారు. నేను గెలిచాననుకున్నాను. ఆనాటి నుంచి మా ముగ్గురి మధ్య నాకు చదువు వచ్చన్నట్టే నడిచింది.

మా వాడకట్టులో ఉత్తరం రాయగలిగే ఆడమనిషి లేదు. మొగుడికి చెప్పుకోవాల్సిన మాట సారుకు చెప్పి రాయించాలంటే ఎవరికి నోరొస్తుంది? అందుకే మస్కటాయన ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు టేప్‌రికార్డర్ తెచ్చి ఇంట్లో పెట్టాడు. అక్కడ మాట్లాడి క్యాసెట్ నింపి, ఇటు వచ్చే మనిషి చేతికి ఇచ్చేవాడు. ఇంటివాళ్ళు అది విని, దాని మీదనే జవాబు మాట్లాడి, అటు పోయే మనిషి చేతికి ఇచ్చేవాళ్ళు. ఒకటే క్యాసెట్ అటూ ఇటూ తిరిగేది. ఆయన మాట మీద వీళ్ళ మాట, వీళ్ళ మాట మీద మళ్ళీ ఆయన మాట. కింది మాట ఎటు పోతుందని ఎవరూ అడగలేదు.

ఆయన తల్లిని మేము ముసలవ్వ అనేవాళ్ళం. చూపు పోయి మనుషులు నీడల్లాగ కనబడేవాళ్ళట. చెవులు మాత్రం అవతలి వీధిలో గింజ రాలినా వినేవి. ఆమెకొక పట్టుదల ఉండేది.

"ఎవలన్న పిలిస్తె ఒక్క పిలుపుకు పలుకద్దు బిడ్డా. రెండో పిలుపుకు సుత పలుకద్దు. సచ్చినోళ్ళు రెండుసార్లే పిలుస్తరు. మూడోసారికి వాళ్ళకు ఊపిరి సాలది. మూడోసారి పిలిచిండంటె వాడు మనిషి. అప్పుడు పలుకు."

"మరి బువ్వకు పిలిస్తె?" అని దర్జీ బిడ్డ అడిగింది.

"బువ్వకైతె పిలువకముందుకే ఉరుకుతవు. నీ కడుపు నాకెరుకలేదా."

కొడుక్కు తల్లి పట్టుదల తెలుసు. ప్రతి క్యాసెట్ మొదట్లో "అవ్వా" అని మూడుసార్లు పిలిచి ఆగేవాడు. ముసలవ్వ టేప్ ముందు కొంగు సర్దుకొని కూర్చొని, మొదటి రెండు పిలుపులకు పెదవులు బిగించుకొని, మూడో దానికి "ఆఁ, చెప్పు కొడుకా" అనేది. అప్పుడు ఆయన మాట్లాడేవాడు, మన్ను ఎట్లుంటుందో, రొట్టె ఎట్లుంటుందో, ఎండ ఎట్లుంటుందో. ఆఖరున వాడకట్టు వాళ్ళను ఒక్కొక్కరినే పేరు పెట్టి మంచిచెడ్డలు అడిగేవాడు. అడిగిన ప్రతిసారీ కాస్త ఆగేవాడు, ఎదురుగా కూర్చున్నవాళ్ళు జవాబు చెబుతారన్నట్టు.

ఆ టేప్‌తో మేము చేయని పాడు పని లేదు. ఇంట్లో ఇంకొక క్యాసెట్ ఉండేది, ఎవరికీ పంపేది కాదు. ఒక మధ్యాహ్నం ముసలవ్వ పండుకుంటే దాంట్లో ఆమె గురక పట్టాం. లేచాక వినిపించాం. తల ఒక పక్కకు వంచి శ్రద్ధగా విని, "ఎవలిదే గీ గురక? బర్రె దగ్గినట్టున్నది" అంది.

"నీదేనే అవ్వా."

"నాదా? నేను పన్నప్పుడు నాకెన్నడు ఇనరాలే."

గురక మీద మాకొచ్చిన బూతులన్నీ నింపాం. పట్టుబడతామని భయమేసి బూతుల మీద మేక అరుపు నింపాం. అప్పుడే నాకు అర్థమైంది, పైన నింపితే కిందిది పోతుందని. మస్కటాయన బిడ్డ దానికి కాగితం ముక్క అతికించి "ఖాళీ" అని రాసింది. తండ్రి క్యాసెట్‌కు ఇంకో ముక్క అతికించి "బాపు" అని రాసింది. రెండూ గోడ గూట్లో పక్కపక్కన ఉండేవి.

ఆ ఏడు వానలు వెనకపట్టిన రోజుల్లో కబురొచ్చింది, మస్కటాయన కట్టడం మీది నుంచి పడి చనిపోయాడని. చెప్పిన మనిషి పక్క ఊరివాడు, చెప్పి నీళ్ళు కూడా తాగకుండా పోయాడు. శవం ఎప్పుడొస్తుందో తెలియదు, అసలొస్తుందో రాదో తెలియదు. ఏడ్చేవాళ్ళు మూడు రోజులు ఏడ్చారు. ఎదురుగా ఏమీ లేకుండా ఎన్నాళ్ళని ఏడుస్తారు. నాలుగో రోజు నుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగింది, మాటలు మాత్రం సగం సగమే ఉండేవి.

ముసలవ్వ ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు. తెల్లారగానే మనవరాలి చేత క్యాసెట్ మొదటికి తిప్పించి పెట్టించుకునేది. మూడు పిలుపులూ విని, "ఆఁ, చెప్పు కొడుకా" అనేది. చివరిదాకా విని, మళ్ళీ మొదటికి తిప్పించి గూట్లో పెట్టించేది. మా అవ్వ ఓదార్చడానికి పోతే కసిరింది.

"మాట్లాడెటోన్ని సచ్చిండని ఎట్లంటవే? నిన్న మాట్లాడిండు. ఇయ్యాల పొద్దుగాల మాట్లాడిండు. ముమ్మారు పిలిచిండు."

మా అవ్వ ఇంటికొచ్చి చాట ముందు కూర్చొని చాలాసేపు ఆకు కత్తిరించలేదు. "గా ముసల్దాని దిక్కు సూస్తె నాకు జడుపు పుడుతంది. సచ్చినోని మాటకు ఊఁ కొడుతంది" అంది.

దసరా సెలవులొచ్చాయి. హెడ్మాస్టరు సారు ఆ ఇంటికి ఆసరాగా బడిలో పాటల సభ పెడతానన్నాడు. పెద్దపల్లి రైల్వే క్వార్టర్ల నుంచి హార్మోనియం మాస్టారు వస్తాడు. వినడానికి వచ్చిన ప్రతి మనిషి సోలెడు బియ్యం తేవాలి, వచ్చినవి వచ్చినట్టు ఆ ఇంటికి పోవాలి. మొదటి పాట మస్కటాయన బిడ్డ పాడాలి. ఆమె గొంతు అట్లాంటిది. అన్న ఎప్పుడొచ్చి పండుగకు తోలుకుపోతాడా అని చెల్లెలు ఎదురుచూసే బతుకమ్మ పాట అందుకుంటే, మా అవ్వంత గట్టి మనిషి కూడా ఆకు కింద పెట్టేది.

ముసలవ్వ సభకు రానంది. "సచ్చినోళ్ళ ఇంటికి బియ్యం పోగుజేసే కాడికి నేనెందుకస్త? నా కొడుకు సావలే." ఆపైన మనవరాలి చెయ్యి పట్టుకొని, "నీ పాట టేప్‌ల నింపు బిడ్డా. మీ బాపుకు పంపుదాం" అంది.

నా దోస్తు "సరే అవ్వా" అంది. ఏం అనుకొని అందో నాకు తెలియదు. పన్నెండేళ్ళ పిల్ల.

ఆ శుక్రవారం బడి ముందర గోనెపట్టాలు పరిచారు. పాత బియ్యం సంచుల ముక్క వాసన, దానికి తోడు పిల్లలు కోసుకొచ్చి నీడన పెట్టిన తంగేడు పూల పచ్చి వాసన. ఎవరో బబ్బెర గుడాలు ఉడికించి తెచ్చి అమ్ముతున్నారు. దర్జీ బిడ్డ వాళ్ళింట్లో పండుగకు దంచిపెట్టిన సత్తుపిండి దొంగిలించి పావడాలో మూటకట్టుకొచ్చింది. దేవునికి పెట్టకముందే ముగ్గురం వరండా వెనక నిలబడి బుక్కలు పోసుకున్నాం. నోరు తెరిస్తే పిండి ఎగురుతుంది, నవ్వితే పొలమారుతుంది.

మైకు గొట్టాలు రెండు, ఒకటి ఊరి దిక్కు, ఒకటి పొలాల దిక్కు తిప్పి కట్టారు. టేప్‌రికార్డర్ బల్ల మీదికి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది, క్యాసెట్ తేలేదని.

నా దోస్తుకు వాళ్ళమ్మ జడ వేస్తోంది, కదలడానికి లేదు. తల అట్లానే పెట్టి నాతో అంది: "ఉరుకవే. గూట్లె ఖాళీ అని రాసున్నది తే."

అని, కళ్ళు మాత్రం నా వైపు తిప్పింది. "సదువస్తది గదా నీకు?"

"అస్తది" అన్నాను.

ఉరికాను. వాడకట్టు అంతా బడి దగ్గరే ఉంది. ఒక్క ఇంటి ముందు కూడా మనిషి లేడు, కుక్క కూడా లేదు. తలుపులు తెరిచే ఉన్నాయి. ముసలవ్వ పెరట్లో కూర్చొని తడుముకుంటూ గునుగు పూలు ఒక్కతీరుగా పేరుస్తోంది. నేను చప్పుడు చేయకుండా గూటి దగ్గరికి పోయాను. రెండు క్యాసెట్లు. రెంటికీ కాగితాలు. రెంటి మీదా గీతలు, సున్నాలు, వంకరలు. తలకిందులు చేసి చూశాను. ఏ వైపు నుంచి చూసినా అవి నాతో మాట్లాడలేదు.

అప్పుడు నేను తెలివి వాడాను. ఒక క్యాసెట్ మురికిపట్టి, మూలలు గీరుకుపోయి ఉంది. ఇంకొకటి కొత్తదానిలా మెరుస్తోంది. రోజూ తీసి పెట్టేదే కదా పాతబడేది, కాబట్టి మెరిసేది ఖాళీది అనుకున్నాను. బూతులతో, మేక అరుపుతో మేము నేల మీద ఈడ్చి ఆడింది ఖాళీదని నాకు తట్టలేదు. కొడుకు క్యాసెట్‌ను ముసలవ్వ రోజూ కొంగుతో తుడిచి పెట్టిస్తుందని నాకు తెలియదు, ఆ పొద్దు వేళ నేను చాట ముందు ఉంటాను.

మెరిసేది తీసుకున్నాను. పెరట్లో నుంచి, "ఎవలది?" అంది ముసలవ్వ.

నేను పలకలేదు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఆమె చేతిలో పెట్టి ఉంటే చాలు, తడిమి చెప్పేది. నాకు చదవరాదని ఆమెకు తెలుస్తుందని భయపడ్డాను. చూపులేని, అక్షరం రాని ముసలమ్మ ముందు నాకు చదువు రాదని ఒప్పుకోలేక ఉరికాను.

సారు క్యాసెట్ అందుకొని, కాగితం వైపు చూడకుండానే టేప్‌లో పెట్టాడు. మూడు గంటల పది నిమిషాలు అన్నాడు. టేప్ మీది ఎర్ర గుండీ నొక్కే అన్నాడు. నా దోస్తు పాడింది. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పక్కన దర్జీ బిడ్డ సత్తుపిండి ఇంకో బుక్క నా చేతిలో పోసింది. తర్వాత హార్మోనియం మాస్టారు కళ్ళు మూసుకొని రెండు పాటలు పాడాడు. రెండో పాట ముగిసేసరికి టేప్ మీది ఎర్ర దీపం గుడ్డిగా అయింది. బ్యాటరీలు నీరసించాయేమో, పాట పడిందో లేదో చూద్దామని సారు టేప్ ఆపాడు. కొంచెం వెనక్కి తిప్పి, మైకు తెచ్చి టేప్ నోటి దగ్గర పెట్టి, గుండీ నొక్కాడు.

గొట్టాల్లో హార్మోనియం తోక కొంచెం వినబడింది. టక్కున ఏదో తెగినట్టయింది. గాలి వీచినట్టు ఒక సొద. ఆ సొదలో నుంచి మగ గొంతు.

"ఇగ అందరు మంచిగున్నరా."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమైనప్పుడు నోట్లో పిండి రాయిలాగ అయింది.

గొంతు దర్జీ పేరు పిలిచింది. "నీ మిషిని మంచిగ నడుస్తున్నదానె?" అని ఆగింది. గోనెపట్టా మీద కూర్చున్న దర్జీ, కల్లో ఉన్నవాడిలాగ, "ఆఁ, నడుస్తుంది" అన్నాడు. అన్నాక రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

మంత్రసానమ్మను పిలిచింది. "మా బిడ్డను పొయ్యి మీది పాలలెక్క జూసుకున్నవు పుట్టిననాడు. పాణం ఎట్లున్నది?" ఆగింది. "గిట్లనే ఉన్న అయ్యా" అంది మంత్రసానమ్మ.

తాళ్ళెక్కి కల్లు గీసే మామను పిలిచింది. ఆయన సభలో లేడు. ఊళ్ళో ఉన్నాడో లేడో కూడా ఎవరూ చూడలేదు. గొంతు ఆగిన ఆ కాస్త సందులో, బడి గోడ అవతల తాటిచెట్టు మీది నుంచి, ఆకాశంలో నుంచి వచ్చినట్టు, "మంచిగున్ననే" అని వినబడింది. చిన్నపిల్లలు కొందరు అప్పుడు ఏడ్వడం మొదలుపెట్టారు.

సారు చెయ్యి గుండీ మీదనే ఉంది. నొక్కడం లేదు. చనిపోయిన మనిషి మాట్లాడుతుంటే మధ్యలో ఎట్లా ఆపుతారు.

మా అవ్వను పిలిచింది. మా అవ్వ పలకలేదు, తల ఊపింది. తర్వాత, "గా బీడీల పిల్ల ఎట్లున్నది?" అని అడిగి, నన్ను పేరు పెట్టి పిలిచింది. ఆగింది. నాకు ముసలవ్వ చెప్పిన మాట గుర్తుంది. ఒక్క పిలుపుకు పలకగూడదు. పెదవులు బిగించాను. అయినా నా గొంతులో నుంచి "ఆఁ" అని వచ్చింది.

"దాన్ని బడికి తోలుమను. బీడీలు ఏడికి పోవు" అంది గొంతు. ఆ తర్వాత సొద. క్యాసెట్ తిరుగుతూనే ఉంది.

గొట్టాలు ఊరి దిక్కు కట్టారని చెప్పాను కదా. ముసలవ్వ గోడలు పట్టుకుంటూ బడి దాకా వచ్చింది. ఒక చేతిలో గునుగు పూలు అట్లానే ఉన్నాయి. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు.

"ఏడున్నడు?" అంది.

తల అటూ ఇటూ తిప్పి విన్నది.

"అందర్ని పిలిచిండు. నన్ను పిలువలేదేంది?"

సారు తడబడి, "మొదట్లో ఉంటుందమ్మా" అని క్యాసెట్ మొదటికి తిప్పాడు. గుండీ నొక్కాడు. "ఈ రోజు శుక్రవారం, ఇప్పుడు సమయం మూడు గంటల పది నిమిషాలు" అంది టేప్. ఆపైన నా దోస్తు పాట. ముసలవ్వ ఆ పాటంతా నిలబడి, తల ఒక పక్కకు వంచి, శ్రద్ధగా విన్నది. పాట అయిపోయింది. హార్మోనియం మొదలైంది. ఆమె చేతిలో పూలు ఒక్కొక్కటే జారాయి.

నా దోస్తు తల్లి లేచి వచ్చింది. "ఎవతి దెచ్చిందే గీ క్యాసెట్?"

"నేనే" అంది నా దోస్తు.

చెంప మీద దెబ్బ ఎట్లా మోగిందంటే మైకులో కూడా వినబడింది. నా నోట్లో సత్తుపిండి ఉంది. మింగలేదు, ఉమ్మలేదు, మాట్లాడలేదు.

సభ అక్కడికే అయిపోయింది. బియ్యం సంచి ఎవరో మోసుకుపోయి వాళ్ళింటి ముందు పెట్టారు.

ముసలవ్వ మరునాటి నుంచి కూడా క్యాసెట్ పెట్టించుకుంది. ఇప్పుడు టేప్‌కు ఎదురుగా కాదు, దాని మీద చెవి ఆనించి కూర్చునేది. మనవరాలి పాట అయిపోగానే, "మల్ల పెట్టు" అనేది. నాలుగో రోజు దసరా. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్ళు మొక్కడానికి మా అవ్వ నన్ను తోలుకొని పోయింది. ముసలవ్వ చెవి తీయకుండానే చెయ్యెత్తి మమ్మల్ని ఆగమంది.

"పాట కింద పిలుస్తుండు. మీకు ఇనస్తలేదా?"

మా అవ్వ చెవి పెట్టింది. నేనూ పెట్టాను. పాటే.

"పాట కిందనే. ఇనుండ్రి జర" అంది ముసలవ్వ. మళ్ళీ పెట్టించింది. ఆమె పెదవులు ఒకసారి బిగించుకోవడం చూశాను. రెండోసారి బిగించుకోవడం చూశాను. మూడో దానికి నోరు తెరిచి, ఊపిరి పట్టి, ఎదురుచూసింది. పాట సాగిపోయింది. ఆమె నోరు అట్లానే తెరుచుకొని ఉంది.

మా అవ్వ మెల్లగా అడిగింది. "ఎన్నిసార్లు పిలిచిండవ్వా?"

"రెండుసార్లు."

ఆమె టేప్ మీది నుంచి చెవి తీసింది. కోడలిని పిలిచింది. "నా కొడుకు సచ్చిండే" అంది, అప్పుడే కబురు అందినట్టు. అప్పుడు ఏడ్చింది. నేను ఆ తర్వాత ఎందరి చావులకో పోయాను, అట్లాంటి ఏడుపు మళ్ళీ వినలేదు. కబురు వచ్చిననాడు ఏడ్చినవాళ్ళందరూ ఆ రోజు మళ్ళీ మొదటి నుంచి ఏడ్చారు.

తర్వాత ఆమె ఆ క్యాసెట్ అడగలేదు. ఆయన శవం ఉన్న పెట్టె కార్తీకంలో వచ్చింది, మేకులు కొట్టి ఉంది. ముఖం చూడాలని అందరూ గొడవపడ్డారు. ముసలవ్వ ఒక్కతే, "నాకు ముందుగాలనే చెప్పిండు" అని దూరంగా కూర్చుంది. ఆ తర్వాతి ఎండాకాలం ఆమె పోయింది.

ఆయన మస్కట్‌లో చనిపోయాడు. ఆ తల్లికి మాత్రం నా చేతి మీదుగా చనిపోయాడు. ఇన్నేళ్ళలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

ఒక్క పిలుపుకే పలికినవాళ్ళ గురించి ఊళ్ళో ఊరికే ఉండలేదు. మంత్రసానమ్మ పెట్టె వచ్చిన నెలలోనే పోయేసరికి, పలికినవాళ్ళను ఒక్కొక్కరినీ తొందరలోనే తీసుకుపోతాడన్నారు. పలికినవాళ్ళలో ఆఖరుది నేను. తాళ్ళెక్కే మామకు జ్వరమొస్తే నాకు చెమటలు పట్టేవి. కానీ అందరికంటే ముందు పిలిచిన దర్జీ తొంభై దాటి, పళ్ళన్నీ ఊడి, అందరి తర్వాత పోయాడు. లెక్క తప్పింది. ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను. భయం మాత్రం తప్పలేదు. నా పెండ్లి తర్వాత కూడా నా మొగుడు మూడుసార్లు పిలిస్తేనే పలికేదాన్ని. చెవుడు అనుకొని పెద్దపల్లి డాక్టరుకు చూపించాడు.

బడికి తోలమన్న మాట మా అవ్వ వినలేదు. నలభై దాటాక, మా ఊళ్ళో పెద్దవాళ్ళకు చదువు చెప్పే కేంద్రం పెడితే పోయాను. నా బిడ్డ ఈడు పిల్ల చెప్పేది. మొదటి రోజు పలక ఇచ్చి, "అ నుంచి మొదలుపెడదామమ్మా, లేకపోతే మీ పేరు రాద్దామా" అంది.

"ముందుగాల ఖాళీ అని రాసి సూపియ్యి" అన్నాను. "దాని పక్కన బాపు అని రాయి."

ఆ పిల్ల నన్ను వింతగా చూసి రాసింది. రెండూ పక్కపక్కన చూశాను. ఒకదాని పోలిక ఒకదానికి ఎక్కడా లేదు. ఎంత తేడా ఉందో చూసి రెంటినీ వేలితో దిద్దాను.

ఇప్పుడు ఫోన్ సంగతి. ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెవులకు పెట్టుకున్నాను. సారు రోజు చెప్పాడు, గంట చెప్పాడు. నా దోస్తు పాట ఎత్తుకుంది, పన్నెండేళ్ళ గొంతు. మొదటి చరణం దగ్గర ఆమె ఊపిరి తీసుకుంది. ఆ ఊపిరి సందులో, బావి అడుగు నుంచి వచ్చినట్టు, సన్నగా, "అవ్వా."

తీసేశాను. నీళ్ళు తాగాను. మళ్ళీ పెట్టుకున్నాను. రెండో చరణం ముందు, అదే గొంతు. "అవ్వా." ఆ తర్వాత పాట పైకి లేస్తుంది, చెల్లెలు అన్నను పిలిచే చోట, ఆ గొంతు కింద ఇంకేదీ వినబడదు. పదిసార్లు విన్నాను.

నా దోస్తుకు ఫోన్ చేశాను. ఎత్తింది. నేనే అడిగాను.

"నీకెన్నిసార్లు ఇనవడ్డది?"

"రెండు."

"నాకు గంతే."

"మా అల్లుడు అంటుండు, బ్యాటరీలు తక్కువుంటె కిందిది పూర్తిగ చెరగదట. గంతేనట." ఆ వెంటనే, "మూడోది నా పాట మింగిందే" అంది.

"నీ పాట గాదు. క్యాసెట్ నేను దెచ్చిన. నాకు సదువు రాకుండె."

"నాకెరుకే."

"ఏమెరుక?"

"నువ్వు మట్టిల గీసినయి అచ్చరాలు కావని మా ఇద్దరికెరుక. నువ్వు వోయినంక నవ్వుకుంటుంటిమి. ఎరికుండే పంపిన నిన్ను. ఏది దెస్తదో సూద్దామని." ఆమె గొంతు మారలేదు, ముసలిదానిలాగ నిదానంగా చెప్పింది. "గందుకే నేనే దెచ్చిన్నని చెప్పిన. దెబ్బ నాదే."

అవతల వాళ్ళింట్లో కుక్కర్ కూత వినబడింది. ఆమె, "ఉంటనే మరి" అంది. నేను పలికేలోపే పెట్టేసింది.

ఇంక పేర్లు. ఆయన పిలిచినట్టే ఒక్కొక్క పేరు రాసి ఆగుతున్నాను. అక్షరాలు వచ్చినందుకు నేను చేయగలిగింది ఇదొక్కటే. ఆ శుక్రవారం, మూడు గంటల పది నిమిషాల నుంచి, బడి దగ్గర ఉన్నవాళ్ళు:

బల్ల దగ్గర విఠల్ సారు. హార్మోనియం ముందు సుందరం మాస్టారు.

దర్జీ నాంపెల్లి. మంత్రసాని కొమురవ్వ.

తాటిచెట్టు మీద రాజాగౌడ్.

మా అవ్వ లస్మవ్వ.

మస్కటాయన భార్య పోశవ్వ. ఆమెను ఆయన పేరు పెట్టి పిలవలేదు, మొగుళ్ళు పిలవరు, అందుకని నేను పిలుస్తున్నాను.

సత్తుపిండి తెచ్చిన సరోజన. పాడిన విజయ.

క్యాసెట్ తెచ్చిన బుచ్చవ్వ. అది నేను.

పాట కింద ఎల్లయ్య.

చివరికి, గునుగు పూలు పట్టుకొని గోడల వెంబడి వచ్చిన మనిషి. రెండు పిలుపులు ఆమెకు అందాయి. మూడోది ఇది.

అవ్వా.